ఎంజైము వేయని గొట్టం

ఫణీంద్రకు కావలసింది ఒక్క సంతకం.

నాలుగేళ్లుగా అతను విశాఖలోని ఒక క్యాన్సర్ పరిశోధనశాలలో విక్టోరియా మేడమ్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. అతని పని కడుపు క్యాన్సర్ మీద. మన కణాల్లో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ అనే నకళ్లు తయారవుతాయి. వాటిలో కొన్ని ప్రొటీన్లు తయారుచేయిస్తాయి. కొన్ని పొడవాటివి ఏ ప్రొటీనూ చేయించవు. ఒకప్పుడు వాటిని చెత్త కింద జమకట్టారు. క్యాన్సర్ గడ్డల్లో వాటిలో కొన్ని పెరగడం, కొన్ని తగ్గడం చూశాక అందరూ వాటి వెంట పడ్డారు. ఫణి కూడా ఒకదాని వెంట పడ్డాడు.

అది దొరికింది. ముప్పై ఎనిమిది మంది రోగుల గడ్డల్లో, ఆ పక్కనే ఉన్న మామూలు భాగం కంటే సగటున పదకొండు రెట్లు ఎక్కువగా ఉంది. ఎండోస్కోపీలో తీసిన ముక్కలో దీన్ని కొలిచి క్యాన్సర్ పట్టే పరీక్ష మొదలుపెట్టేద్దామని, గడ్డల నమూనాలిచ్చిన సర్జన్ గారు అప్పుడే ఉత్సాహపడుతున్నారు. శనివారం సదస్సులో ప్రసంగం. ఆ వెంటనే పత్రం అచ్చుకు వెళితే మార్చిలో డాక్టరేటు. లేదంటే ఇంకో ఏడాది, అదీ ఫెలోషిప్ లేకుండా.

"మీరు సంతకం పెడితే పంపించేస్తానండి" అన్నాడు ఫణి.

మేడమ్ కాగితాలు తిరగేశారు. లేచి నిలబడ్డారు.

"కొలిచే మిషన్ ఖాళీగా ఉందా?"

"ఉందండి. ఎందుకండీ?"

"నా పనితనం పోయిందేమో చూసుకుందామని."

మేడమ్‌కు అరవై రెండేళ్లు. చుక్కలు కొలిచి వేసే పిపెట్ పట్టి ఆరేళ్లయింది. ఆ ఉదయమే కళ్లజోడు ఫ్రిజ్‌లో నమూనాల పక్కన పెట్టి మర్చిపోయి, ఫణి చేత గదంతా వెతికించారు. అతను పక్కన నిలబడి కాస్త జాలిగా, కాస్త కంగారుగా చూశాడు.

ఆమె పన్నెండో నంబరు రోగి ఆర్ఎన్ఏ తీసి రెండు చిన్న గొట్టాల్లో వేశారు. మిషన్‌కు ఆర్ఎన్ఏ కనబడదు, డీఎన్ఏ మాత్రమే కనబడుతుంది. అందుకని ముందు ఒక ఎంజైము వేసి ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చుకోవాలి. మేడమ్ మొదటి గొట్టంలో ఎంజైము వేశారు. రెండో దాంట్లో ఉత్త నీళ్లు వేశారు. మూతలు బిగించి, "టీ తాగొస్తాను, నువ్వు మిషన్లో పెట్టు" అని వెళ్లిపోయారు.

పాపం మర్చిపోయారు, అనుకున్నాడు ఫణి. ఆ మాట మొహం మీద చెప్పడం బాగుండదని, ఆమె వచ్చేలోగా రెండో గొట్టంలో తనే ఎంజైము వేసేశాడు. గురుభక్తికి కూడా ఒక హద్దుండాలి మరి.

గొట్టంలో డీఎన్ఏ ఉంటే దాని గీత తెర మీద పైకి లేస్తుంది. రెండు గీతలూ జంటగా లేచాయి. మేడమ్ వాటినీ, అతన్నీ చూశారు.

"రెండో దాంట్లో ఏమన్నా కలిపావా?"

"ఎంజైము మర్చిపోయారండీ. నేనే వేశాను."

"సరే. మళ్ళీ పెడదాం. ఈసారి నువ్వూ నాతో టీకి రా."

మళ్ళీ పెట్టారు. క్యాంటీన్లో ఆమె అతని తల్లి మోకాలి నొప్పి గురించి అడిగారు, తాను మానేసిన చక్కెర గురించి చెప్పారు. రెండు గంటల తరవాత ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు.

మొదటి గీత లేచింది. ఎంజైము లేని రెండో గీత కూడా దాని వెనకే లేచింది.

ఫణి తెర మీదికి వంగాడు. ఎంజైము లేదు కాబట్టి ఆర్ఎన్ఏ మారలేదు. మరి మిషన్ లెక్కపెడుతున్నది దేన్ని? కణాల్లోని అసలు డీఎన్ఏని. శుద్ధి చేసినప్పుడు పోకుండా మిగిలిపోయినదాన్ని. అతను పట్టుకున్న జన్యువులో అసలూ నకలూ ఒకేలా ఉంటాయి, మిషన్‌కు తేడా తెలియదు. గడ్డలో కణాలు కిక్కిరిసి ఉంటాయి కనక మిగిలేదీ అక్కడే ఎక్కువ. ఇదంతా అతనికి మొదటి ఏడాదే తెలుసు. డీఎన్ఏ పూర్తిగా పోతుందని శుద్ధి చేసే కిట్ డబ్బా మీద రాసి ఉంటే నమ్మాడు. నాలుగేళ్లలో ఎంజైము వేయని గొట్టం ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదు.

అంతకన్నా సిగ్గనిపించిన సంగతి ఇంకొకటి ఉంది. అలాంటి గొట్టాన్ని తీసుకొచ్చి కళ్లెదుట పెడితే, పెద్దావిడ మతిమరుపనుకున్నాడు.

ఆ సాయంత్రం ఫణి తనంతట తనే సదస్సు వాళ్లకు రాసి పేరు తీసేయించుకున్నాడు.

మిగిలిన ఆర్ఎన్ఏని కొత్తగా శుద్ధి చేసి, ప్రతి నమూనాకూ రెండేసి గొట్టాలు పెట్టుకుంటూ వచ్చాడు. ఏడు వారాలు పట్టింది. ముగ్గురి నమూనాలు అప్పటికే అయిపోయాయి. మళ్ళీ అడుగుదామంటే ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. ముప్పై అయిదు మందితో లెక్క తేలింది.

ఆ కాగితం పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్లాడు.

"పదకొండు రెట్లు అబద్ధమండీ. మూడు రెట్లే నిలిచింది. అదీ తొమ్మిది మందిలో. మిగతావాళ్లలో ఏమీ లేదు. నాలుగేళ్లు ఊరికే పోయాయి మేడమ్."

ఆమె కాగితాన్ని పైనుంచి కింది దాకా, వరసా వరసా చదివారు. తరవాత తలెత్తారు.

"ఆ తొమ్మిది మంది ఎవరు?"

ఫణికి నంబర్లే తెలుసు; ఆ తొమ్మిది మందిలో కలిసేదేమిటో ఎప్పుడూ చూడలేదు. అలమర దగ్గరికి వెళ్లి, నాలుగేళ్లుగా విప్పని కేసు షీట్ల కట్ట కిందికి దించాడు. దాని తాడు విప్పి, నేల మీదే కూర్చుని, మొదటి పేరు చదివాడు.