సింహాసనానికి కొత్త మెట్టు

ఒకానొక కాలంలో కుంభగిరి రాజ్యాన్ని ప్రతాపమార్తాండుడనే రాజు ఏలేవాడు. తన తెలివికి తానే మురిసిపోయే మనిషి. ఆయన ఏమన్నా "ఆహా!" అనడమే మంత్రి విశ్వంభరుడి ఉద్యోగం.

రాజధాని పక్కన పారే మందవాహిని మీద వంతెన కావలసి వచ్చింది. ఖజానాలో సొమ్మంతా ఉత్సవాలకే సరిపోయింది. మంత్రి తన వియ్యంకుడు కుబేరయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

"వంతెన ఈయనే కడతాడు ప్రభూ! తమకు చిల్లిగవ్వ ఖర్చు లేదు. దీన్ని భాగస్వామ్యం అంటారు. నది దాటేవాళ్ల దగ్గర సుంకం పుచ్చుకుంటాడు. దాటేవాళ్లు తగ్గితే ఆ లోటు ఖజానా పూడుస్తుంది, అంతే."

రాజు మీసం దువ్వుకుని ముద్ర వేశాడు.

వంతెన లేచింది. పోటీ ఉండకూడదని పడవలన్నీ ఒడ్డుకు లాగి గొలుసులు వేశారు. వేసవిలో నది ఎండిపోతే ఇసుకలో నడిచేవాళ్లనూ కుబేరయ్య భటులు ఆపారు.

"మీ వంతెన ఎక్కలేదు కదయ్యా!"

"నది దాటుతున్నావా లేదా?"

అవతలి ఒడ్డున కాన్పు కష్టమైందని కబురొస్తే బయల్దేరిన మంత్రసాని ఓబులమ్మను, సుంకం కట్టలేదని మిట్టమధ్యాహ్నం ఇసుకలో నిలబెట్టారు. ఆమె చేరేసరికి తల్లీబిడ్డలు చావు అంచుదాకా వెళ్లారు. బతికించి, నేరుగా ఆస్థాన విదూషకుడు మల్లుభట్టు దగ్గరికొచ్చి భోరుమంది.

మర్నాడు సభలో మల్లుభట్టు చేతులు జోడించాడు. "ప్రభూ, సింహాసనం ఎత్తు. ఎక్కుతుంటే తమకు ఆయాసం వస్తోంది. నా ఖర్చుతో ఒక మెట్టు చేయిస్తాను. వంతెనకు పెట్టిన షరతులే దీనికీ ఇప్పించండి."

"చూశావా మంత్రీ! నన్ను చూసి అందరూ నేర్చుకుంటున్నారు!"

"ఆహా!"

మెట్టు వచ్చింది. మామిడి చెక్క, పైన పసుపు రంగు. రాజు కాలు పెట్టగానే పక్కనే కూర్చున్న మల్లుభట్టు పళ్లెం చాపాడు. రాజు సరదాపడి ఉంగరం వేశాడు.

రోజూ ఉంగరాలేమిటని మరుసటి రోజు పక్కనుంచి పాకాడు. ఉత్తరీయం సింహం చెవికి చిక్కుకుని చిరిగింది.

"సుంకం, ప్రభూ!"

"నీ మెట్టు తొక్కలేదే!"

"సింహాసనం ఎక్కారా లేదా?"

ఆ తర్వాత రాజు తలనొప్పని పడకగది వదల్లేదు. మంత్రి పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. మల్లుభట్టు పళ్లెంతో అక్కడికీ వచ్చాడు.

"ఇవాళ ఎక్కనే లేదు కదయ్యా!"

"అందుకే వచ్చాను. ఎక్కడం తగ్గితే లోటు ఖజానాదే."

రాజు మంచం మీద లేచి కూర్చున్నాడు. "నా సింహాసనం నేనెక్కడానికి నీకు సుంకమేమిటి?"

"ఆ నది కూడా జనానిదే ప్రభూ! తమరు మీసం దువ్వుకుని ముద్ర వేసేదాకా దాటినందుకు ఎవరూ సుంకం అడగలేదు. లాభంలో కుబేరయ్య, నష్టంలో జనం. భాగస్వామ్యం బాగానే కుదిరింది." ఓబులమ్మ సంగతి అంతా చెప్పాడు.

రాజు ముఖం మాడిపోయింది. "విశ్వంభరా, ఇది నీకు తెలుసా?"

"ప్రభువులకు తెలియనిది నాకెలా తెలుస్తుంది?"

ఇలాంటివాణ్ణి నమ్మి ముద్ర వేసిన తన మూర్ఖత్వం తనకే కనబడి రాజు పగలబడి నవ్వాడు. అప్పటికప్పుడు ఒప్పందం రద్దుచేసి, పడవల గొలుసులు తీయమన్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి మల్లుభట్టు మెడలో వేశాడు.

మంత్రి కూడా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"నువ్వెందుకయ్యా నవ్వుతున్నావు?"

"తమరు నవ్వుతున్నారని, ప్రభూ!"

"అలాగా? ఇక ఇంటికెళ్లి నీ అంతట నువ్వే ఏడువు" అని రాజు అతని వేలికున్న మంత్రి ముద్రుటుంగరం లాక్కున్నాడు.