పలికింది ఏ బల్లి?

విమలబోధస్వామి తీర్థయాత్రకు బయలుదేరబోతూ ఆశ్రమంలోని పిల్లల బాధ్యతను చిదంబరానికి అప్పగించదలచారు. చిదంబరం పెద్ద శిష్యుడు, మంచివాడే. కాకపోతే ఆ మంచితనం మీద తనకే కాస్త నమ్మకం ఎక్కువ. "వేళకు పెడుతున్నాం, తింటున్నారు. ఎవరికీ ఏ లోటూ ఉన్నట్టు కనబడదు. ఇంకా కనిపెట్టుకుని ఉండవలసింది ఏముంది స్వామీ?" అని అడిగాడు.

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు స్వామికి లేదు. "నీ బల్లి ఎలా ఉంది నాయనా?" అన్నారు.

చిదంబరం ముఖం విప్పారింది. అడవికి కట్టెలకు పోయినప్పుడు దొరికిన బుల్లి బల్లి అది, అచ్చం చెట్టుబెరడు రంగు. గాజుపెట్టెలో ఒక బెరడుముక్క పెట్టి ముద్దుగా పెంచుకుంటున్నాడు. చూడవచ్చినవాళ్లు ఎంత వెతికినా అది ఎక్కడుందో పోల్చుకోలేకపోయేవారు. వాళ్లు ఓడిపోతే చిదంబరానికి పండగ.

"కంటికి రెప్పలా చూసుకుంటున్నాను స్వామీ. రోజూ పురుగులు వేస్తాను. తెల్లారేసరికి ఒక్కటి మిగలదు."

సరిగ్గా అప్పుడే బల్లి పలికింది. చిదంబరం పొంగిపోయి పక్కనే ఉన్న గాజుపెట్టె మూత మీద వేలితో తట్టాడు. "సత్యం, సత్యం! విన్నారా, అదే సాక్ష్యం చెబుతోంది!"

స్వామి తలెత్తి చూశారు. దూలం మీద ఇంటిబల్లి ఒకటి తోక ఆడిస్తోంది. "పలికింది అది. నీదాన్ని ఒకసారి బయటికి తియ్యి."

చిదంబరం బెరడుముక్క ఎత్తాడు. బల్లి కదల్లేదు. వేలితో తాకేసరికి ఎండుటాకులా ఊడి అరచేతిలో పడింది. ఎప్పుడు చచ్చిందో ఏమో, ఎండి బెరడులో బెరడైపోయింది. మరి రోజూ వేసిన పురుగులు? మూత సందులోంచి చీమలు బారులు కట్టి, పొద్దున వేసినవాటిని తీరిగ్గా మోసుకుపోతున్నాయి. ఇన్నాళ్లూ చీమలకు విందు చేస్తూ, చచ్చినదాన్ని పదిమందికీ చూపించి మురిసిపోయాడు. సిగ్గుకన్నా ముందు భయం వేసింది.

స్వామి ఆ అరచేతిని మెల్లగా మూశారు. బయట పిల్లలు ఇల్లెగిరిపోయేలా గోల చేస్తూ ఆడుకుంటున్నారు.

"ఆ అరిచేవాళ్ల పేర్లు నాకూ తెలుసు నాయనా. అరవనివాళ్ల పేర్లు చెప్పు."