కూతబండ మీద గోరింక

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవికి మూడు వైపులా కొండ. కొండ కింద ఒక పెద్ద బండ. ఆ బండ మీద నిలబడి మామూలుగా మాట్లాడినా సరే, అడవంతా వినబడేది. ఇప్పుడు ఎక్కడో ఎవరో ఫోన్‌లో మాట్లాడితే మనం ఇంట్లో కూర్చుని వింటున్నాం చూడండి, అలాగన్నమాట. అందుకే దాన్ని కూతబండ అనేవాళ్ళు.

ఆ బండ మీద రోజూ ఒక గోరింక మాట్లాడేది. తెల్లవారకముందే లేచి అడవి చుట్టూ తిరిగి వచ్చేది. వేటగాళ్ళు ఏ దారిలో ఉచ్చులు పన్నారో చెప్పేది. ఏ మడుగులో నీళ్ళున్నాయో చెప్పేది. చివర్లో ఒక చిన్న నవ్వు కథ చెప్పి దిగేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు.

ఎవరి పొదలో వాళ్ళు కూర్చుని వినేవాళ్ళు. కోతి మాత్రం పక్కనున్న మేడిచెట్టెక్కి, "భలే చెప్పావక్కా, నీ అంతవాళ్ళు లేరు" అని రోజూ చప్పట్లు కొట్టేది. మెచ్చుకోవడానికి ఖర్చేముంది లెండి.

ఆ ఏడు గోరింకకు రెండు పిల్లలు పుట్టాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. పురుగులు దొరికేది తెల్లవారుజామున, నేల తడిగా ఉన్నప్పుడే. గోరింక మాటలు ముగించి దిగేసరికి ఎండెక్కేది. పురుగులు మట్టి లోపలికి పోయేవి. గూట్లో పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఎదురు చూసేవి. మూడు రోజులకు చిన్నది కూత పెట్టడం కూడా మానేసింది.

గోరింక హడలిపోయి కాకి దగ్గరకు పరుగెత్తింది.

"కాకి మామా, పిల్లలు చిక్కిపోతున్నాయి. ఏం చెయ్యను?"

"ఊరికే వచ్చేదానికి విలువ ఉండదే పిల్లా," అంది కాకి. "సగం చెప్పి ఆపు. మిగతా సగం మేత తెచ్చినవాళ్ళ చెవిలో చెప్పు. చచ్చినట్టు తెస్తారు."

"నవ్వు కథ సగంలో ఆపనా?"

"పిచ్చిదానా, కథ వినకపోతే ఎవరికి ప్రాణం పోతుంది? ఉచ్చుల సంగతి ఆపు."

ఆ మాట గోరింకకు మింగుడుపడలేదు. కానీ గూట్లో చిన్నది మెడ వాల్చేసి ఉంది. ఆకలి ఎంత పనైనా చేయిస్తుంది.

మర్నాడు గోరింక బండెక్కి ఇలా చెప్పింది: "ఈ వేళ ఒక దారిలో ఉచ్చు ఉంది. ఏ దారో తెలియాలంటే నాకింత మేత తెచ్చిపెట్టండి. చెవిలో చెబుతాను."

అడవంతా ఉలిక్కిపడింది. గోరింకేనా ఇలా అంటున్నది అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా భయం కదా. కుందేలు నాలుగు రేగుపళ్ళు తెచ్చింది. ఉడుత ఒక మేడిపండు తెచ్చింది. అడవిపంది రెండు వానపాములు తెచ్చింది. ఎవరిది వాళ్ళు విని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. కాకి అన్నట్టే జరిగింది. పిల్లల కడుపు నిండింది.

ఎండెక్కుతుండగా మడుగు దారి నుంచి ఒక కేక వినబడింది. గోరింక ఎగిరి వెళ్ళింది. దుప్పి పిల్ల ఒకటి ఉచ్చులో పడి గిలగిల కొట్టుకుంటోంది. ఎలుకలు వచ్చి తాడు కొరికి విడిపించాయి. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగిపోయింది.

గోరింక కొయ్యబారిపోయింది. పొద్దున తను దాచిన దారి అదే.

తల్లి దుప్పి తిట్టలేదు. "గడ్డి తినేదాన్ని. నీకు పెట్టే మేత నా దగ్గర ఏముందని తెచ్చేది?" అని మాత్రం అంది.

గోరింక అక్కడ నిలవలేకపోయింది. ఇంత పని నేనేనా చేసింది అనుకుంటూ గూటికి చేరింది.

మర్నాడు బండెక్కి ఉచ్చులన్నీ ఒక్కటి దాచకుండా చెప్పింది. తర్వాత ఇలా అంది: "మొన్నటిదాకా ఊరికే చెప్పాను. నిన్న దాచాను. అది తప్పు. ఇక ఎప్పుడూ దాచను. కానీ పొద్దున మాట్లాడితే నా పిల్లలకు మేత దొరకదు. మేతకు వెళితే మాట్లాడలేను. రేపటి నుంచి బండెక్కను. మీ జాగ్రత్తలో మీరుండండి. నాకు ఎవరి మీదా కోపం లేదు." ఆ రోజు నవ్వు కథ చెప్పకుండానే దిగిపోయింది.

కోతి అయ్యో అయ్యో అని కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని ఇంకో మేడిపండు కోసుకుంది.

ఆ మర్నాడు గోరింక తెల్లవారుజామునే మేతకు బయలుదేరింది. కూతబండ దగ్గరకొచ్చి టక్కున ఆగిపోయింది. బండ కింద నేలంతా ఎవరో తవ్విపెట్టారు. తడిమట్టిలో పురుగులే పురుగులు. ముసలి ముళ్ళపంది పక్కన నిలబడి మట్టి దులుపుకుంటోంది.

గోరింక తెల్లబోయింది. ఆ ముళ్ళపందికి చిన్నప్పుడే చెవులు పోయాయి. గోరింక మాట ఒక్కటి కూడా ఏనాడూ విన్నది కాదు.

"తాతా, నీకు వినబడదు కదా, నీకెందుకు?" అని సైగ చేసింది.

"వినబడదులేవే," అంది ముళ్ళపంది. "రోజంతా నన్ను సాధించే మా ముసలిది నీ కథ వినేటప్పుడు నవ్వుతుంది. అది నాకు కనబడుతుంది. నిన్న నవ్వలేదు. ఏమయిందే అని అడిగితే నువ్వు మానేస్తున్నావని సైగ చేసింది."

అంతలో ఒక చీమ గడ్డిగింజ ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఉచ్చులో చీమలు పడవు కదమ్మా, నువ్వెందుకు తెచ్చావు?" అంది గోరింక.

"మమ్మల్ని ఈ అడవిలో ఎవరు లెక్కచేస్తారు చెప్పు. పొద్దున్నే అందరూ వినే మాట మేమూ వింటే, మేమూ ఇక్కడివాళ్ళమే అనిపిస్తుంది."

వెనక డెక్కల చప్పుడైంది. తల్లి దుప్పి. గోరింక రెక్కలు ముడుచుకుని ఒక పక్కకు జరిగింది. ఇక తిట్లు తప్పవనుకుంది.

దుప్పి వచ్చి బండకు ఆనుకుని నిలబడింది. "నా వీపు నిండా పిడుదులున్నాయి. రక్తం తాగి బలిసినవి. ఏరుకుని నీ పిల్లలకు పెట్టు. ఎండెక్కినా ఇవి మట్టిలోకి పోవు. రోజూ వచ్చి నిలబడతాను," అంది.

గోరింక దుప్పి ముందుకు వచ్చి వాలింది.

"దుప్పక్కా, నీ పిల్ల కాలు నా వల్లే విరిగింది. నాకు పెడతావా?"

"నీ మీద కోపం పోలేదు," అంది దుప్పి. "ఎప్పటికి పోతుందో తెలియదు కూడా. కానీ నువ్వు నోరు మూసుకుంటే ఇంకో తల్లి నాలాగే ఏడుస్తుంది. మేత తేలేనివాళ్ళకు కూడా నీ మాట వినబడాలి. ముందు వెళ్ళి దారులు చూసి రా. తర్వాత పిల్లలకు ఏరుకుందువుగాని."

గోరింక ఎగిరి అడవంతా తిరిగి వచ్చింది. ఆ వేళ మడుగు దారిలోనే మూడు ఉచ్చులున్నాయి. మూడూ బండ మీద నుంచి చెప్పింది. చెప్పినంతసేపూ దుప్పి కదలకుండా నిలబడింది.

భయపడి మేత తెచ్చిన కుందేలు, ఉడుత, అడవిపంది ఆ రోజు రాలేదు. కోతీ రాలేదు. అయినా ఆ మాట వాళ్ళకూ వినబడింది. ఆ రోజు అడవిలో ఎవరి కాలూ విరగలేదు.

నీతి: భయపెట్టి దాచిన మాటకు ఒక్కరోజే మేత దొరుకుతుంది, అందరికీ అందే మంచి మాటను, అది ఆగిపోకూడదని కోరుకునేవాళ్ళే రోజూ నిలబెడతారు.