నాలుగో రకం టైరు

టైర్ల గురించి శౌరికి తెలియనిది లేదు. వాటిమీద పందెంలో పరుగెత్తడం ఒక్కటే అతనికి తెలియదు.

మీరావలి ఉస్తాద్ షెడ్డులో పందెం కార్ల పని నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. తిన్నని పావు మైలు దారిలో రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చ దీపం వెలగ్గానే దూకి, ఎవరు ముందు చివరి గీత దాటతారో తేల్చుకునే డ్రాగ్ పందెం అది. చూడవచ్చినవాళ్లు ఇంజన్ గర్జన విని మురిసిపోతారు. ఉస్తాద్ శిష్యులు మాత్రం మొదట వెనక టైర్ల వంక చూస్తారు. ఇంజన్‌కి ఎంత బలమున్నా నేలకి అందించాల్సింది ఆ రెండు టైర్లే కదా.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. శిష్యుడు తన కారుకి తానే టైర్లు ఎంచుకుని, తానే బిగించుకుని, ఒక్కసారైనా ఆ చివరి గీత దాటాలి. గెలిచాడా ఓడాడా అని ఉస్తాద్ అడిగేవాడు కాదు. గీత దాటి వచ్చినవాడికి భుజం తట్టి, ఇక సొంత షెడ్డు పెట్టుకో పొమ్మనేవాడు.

శౌరి సొంత షెడ్డు ఎప్పుడో తయారైంది. రేకులు వేశారు, షట్టర్ బిగించారు, బోర్డు కూడా రాయించారు. ఆ బోర్డు గోడవైపు తిరిగి కూర్చుంది, ఎందుకంటే శౌరి గీత దాటలేదు.

దాటలేక కాదు, దాటడానికి రోజు కుదరక. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక పందెగాడి దగ్గర అతను రెండు స్లిక్ టైర్లు కొన్నాడు. ఒక్క గాడి కూడా లేని గుండు టైర్లు, వాడనివి, మేలు రకంలోకెల్లా మేలు రకం. వాటికి పౌడరు అద్ది, ఇంట్లో మంచి దుప్పట్లు రెండు చూసి చుట్టి, గదిలో ఎండ తగలని మూల పెట్టాడు. ఆ దుప్పట్ల కోసం చలికాలం వచ్చినప్పుడల్లా అతని భార్య జయశీల పోట్లాడుతూనే ఉంది.

పందెం జరిగినప్పుడల్లా శౌరికి ఏదో ఒక వంక దొరికేది. ఈసారి దారిమీద దుమ్ముంది. ఈసారి పెద్ద కార్లేవీ రాలేదు, ఇలాంటి పందేనికి అలాంటి టైర్లా? ఈసారి మబ్బు పట్టింది. మామూలు టైర్లతోనే ఒకసారి దాటేయొచ్చుగా అని ఎవరైనా అంటే మొహం మాడ్చుకునేవాడు. ఇన్నేళ్లు నేర్చుకుని మామూలు టైర్లతో దాటడమా!

అతని తర్వాత వచ్చిన ఏడుకొండలు మాత్రం ఏ టైరు దొరికితే అది వేసుకుని పరుగెత్తేవాడు, సగంసార్లు ఓడేవాడు, పడీపడీ నవ్వేవాడు. వాడి షెడ్డు తెరిచి రెండేళ్లయింది.

చివరికి ఒక పందెం శౌరికి నచ్చింది. విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే, శుభ్రంగా ఊడ్చారు. ఎండ బాగా కాస్తోంది. ఊరూరి నుంచి కార్లొచ్చాయి. జయశీల సద్ది కట్టుకుని వచ్చి తాడు అవతల జనంలో కూర్చుంది. శౌరి తన పాత కాంటెస్సా కారు మీదనుంచి దుప్పటి మూటలు రెండూ దించి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు చాప మీద పెట్టాడు.

మీరావలి ఉస్తాద్ టీ గ్లాసు పట్టుకుని అటే వచ్చాడు.

"ఏరా శౌరీ, టైర్లు ఎన్ని రకాలు?"

పందేనికి ముందు కార్లు తనిఖీ చేసేవాళ్లు అడిగే ప్రశ్నే. శౌరి కళ్లు మెరిశాయి.

"మూడు ఉస్తాద్. పైన స్లిక్. గాడులుండవు, రబ్బరు మెత్తన, పక్కలు పల్చన. కారు దూకేటప్పుడు ఆ పక్కలు ముడతలు పడి నేలని కరుచుకుంటాయి. రోడ్డుమీద తిప్పడానికి ఒప్పుకోరు. దాని తర్వాత డ్రాగ్ రేడియల్. పేరుకి నాలుగు గాడులుంటాయి, రోడ్డుమీదా తిరగొచ్చు, పందెంలోనూ పట్టుకుంటుంది. అన్నిటికన్నా కింద మనం రోజూ తిరిగే మామూలు టైరు. ఏ టైరు వేస్తే ఆ వర్గంలోనే పరుగెత్తాలి. ముందు చక్రాలకి వేసే సన్న టైర్లు ఈ లెక్కలోకి రావు. అవి దారి పట్టిస్తాయంతే, కారుని తోసేవి కావు."

"బాగా చెప్పావు," అన్నాడు ఉస్తాద్. ఆ మాట అంటూనే ఒక మూట మీద దుప్పటి తీసేసి, హాయిగా దానిమీద కూర్చుని టీ తాగసాగాడు.

శౌరి చాప దగ్గరికి ఉరికాడు.

"ఉస్తాద్! దానిమీదా! లేవండి, మీకు దణ్ణం పెడతాను, కుర్చీ తెస్తాను!"

ఉస్తాద్ తొందరేమీ పడలేదు. అప్పుడే పరుగు ముగించుకుని, ఓడిపోయి, ఎప్పటిలాగే నవ్వుకుంటూ వస్తున్న ఏడుకొండల్ని చేత్తో పిలిచాడు. కారు తెచ్చి పక్కన ఆపమన్నాడు. వాడి డ్రాగ్ రేడియల్ టైర్లు కొత్తవి, ఈ మధ్యే వేసినవి. ఇంకా వేడి ఆరలేదు.

"నీ చెయ్యి ఇలా ఇయ్యి బేటా."

శౌరి బొటనవేలు పట్టుకుని ఉస్తాద్ ఆ వెనక టైరు మీద గోరు దిగేలా నొక్కాడు. రబ్బరు మీద సన్నటి నెలవంక పడింది.

తర్వాత అదే వేలు పట్టుకుని తాను కూర్చున్న స్లిక్ మీద నొక్కాడు.

గోరు వంగింది. నొప్పికి శౌరి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రబ్బరు మీద చుక్క గుర్తు కూడా పడలేదు. అతనే మళ్లీ వంగి ఇంకోచోట నొక్కాడు. రెండో మూట విప్పి, దాన్నీ నొక్కి చూశాడు. రెండు టైర్లూ పైకి నిగనిగలాడుతూ కొత్త పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. లోపల చెక్కలా బిగిసిపోయాయి.

ఇన్నేళ్ల ఆశ అంతా ఆ చాప మీద అలా పడి ఉంటే శౌరికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ఏడుకొండలు నవ్వు ఆపేసి, కారు తుడిచే గుడ్డ అందించాడు.

"రబ్బరుకి వాడినా వయసేరా, దాచినా వయసే," అన్నాడు ఉస్తాద్. "మూడు రకాలన్నావు. మరి దీన్ని ఎందులో వేస్తావు?"

శౌరి గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇది నాలుగోది," అని ఉస్తాద్ మిగిలిన టీ తాగేశాడు. "ఇప్పుడు కూర్చోవచ్చా దీనిమీద?"

"కూర్చోండి ఉస్తాద్."

శౌరి కాసేపు తన కాంటెస్సా వంక చూస్తూ నిలబడ్డాడు. ఊరినుంచి ఇక్కడిదాకా కారుని మోసుకొచ్చిన మామూలు టైర్లు దానికి ఇంకా ఉన్నాయి. ఒకదాని గాడిలో చింతగింజ ఇరుక్కుని ఉంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పీకి పారేశాడు. వెనక టైర్లలో గాలి కొంచెం తగ్గించాడు. తనిఖీ చేసే ఆయన టైర్ల చుట్టూ తిరిగి, తడి సుద్దతో మామూలు టైర్ల వర్గమని ముందు అద్దం మీద పెద్దగా మూడు అంకె వేశాడు. ఆ అద్దం మీద అంకె పడడం అదే మొదలు.

పచ్చ దీపం వెలిగింది. ఎలా దూకాలో శౌరికి కంఠతా వచ్చు, కానీ ఆ పాఠం ఇంకా కాలికి దిగలేదు. మోజుకొద్దీ తొక్కేశాడు. వెనక టైర్లు ఉన్నచోటనే గిర్రున తిరిగి పొగలు కక్కాయి. పక్కనున్న చిన్న ఎర్ర కారు చక్కా పోయింది. శౌరి కాలు కొంచెం తేలిక చేశాడు. అప్పుడు నేల దొరికింది. ఆ దొరకడం నడుము కింద తెలిసింది అతనికి, ఎన్నిసార్లు ఎవరికి వివరించినా తనకెప్పుడూ తెలియంది. ఒళ్లంతా సీటుకి అతుక్కుపోయింది, రన్‌వే అంచున గడ్డి పచ్చటి చారలా వెనక్కి పోయింది, కారు గీత దాటేసింది.

తిరిగొచ్చేసరికి చెవులదాకా నవ్వు. జయశీల తాడు కిందనుంచి దూరి పరుగెత్తుకొచ్చింది.

"గెలిచావా?"

"లేదు, ఓడిపోయాను."

"మరి ఆ నవ్వేంటి?"

"నువ్వూ ఎక్కు, ఇంటిదాకా చెబుతాను."

వెళ్లేముందు అతను వంగి వెనక టైరు మీద చెయ్యి వేసి చూశాడు. చుర్రుమంది. గోరు నొక్కితే కొంచెం దిగింది. ఉస్తాద్ దగ్గరకొచ్చి అతని భుజం తట్టి, ఇంకో టీ కోసం వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే బోర్డు గోడవైపునుంచి ఇటు తిరిగింది. దుప్పట్లు జయశీలకి దక్కాయి. షెడ్డు గుమ్మం పక్కన ఆ రెండు స్లిక్‌లూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఉంటాయి. వచ్చినవాళ్లు వాటిమీదే కూర్చుంటారు. ఉస్తాద్ వస్తే ఎవరూ చెప్పకుండానే వెళ్లి అక్కడే కూర్చుంటాడు.

టైర్ల సంగతి తెలిసిన మనిషి ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం కూర్చోబోయి ఆగిపోతాడు.

"ఇదేంటండీ, కొత్త స్లిక్‌లు ఇలా ముక్కాలిపీట చేశారు? ఒక్కసారి కూడా వాడినట్టు లేవే!"

శౌరి పని ఆపకుండానే అంటాడు, "గోరు నొక్కి చూడండి."