మొక్కే సాలీడు

రండి నాయనా, ఇంకాస్త ముందుకు జరగండి. గోడకు ఆనుకున్న అమ్మలు కూడా చాప మీదికి రండి. స్వామిని ఒక్కసారి మనసులో తలచుకుని వినండి. ఇది సాలీడు కథ. భయపడేవాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి, తప్పులేదు.

నల్లమల అంచున, ఒక గుట్ట మీద చిన్న మఠం. అక్కడ చెన్నదాసు గారని ఒక పెద్దాయన, ఆయన దగ్గర ఓబులేసు అని ఒక శిష్యుడు. ఆ ఓబులేసుకు ఒక కష్టం వచ్చిపడింది. ప్రాణంగా పెంచుకుంటున్న సాలీడు మేత మానేసింది.

ఇంటి మూలల్లో గూడు కట్టే సాలీడు కాదండీ. నేలలో బొరియ చేసుకుని బతికేది. ఒళ్లంతా బొచ్చు, చిన్నపిల్ల అరచేయంత ఉంటుంది. పట్నం పిల్లలు టరాంటులా అంటారే, ఆ జాతి. వంటశాలకు పునాది తవ్వుతుంటే బయటపడింది. కూలీలు పార ఎత్తితే ఓబులేసు అడ్డం పడి, కొబ్బరిచిప్ప బోర్లించి పట్టుకొచ్చాడు.

వెడల్పు మూతి కుండలో తడి ఎర్రమట్టి నింపాడు. దాక్కోవడానికి ఆ చిప్పనే బోర్లించి పెట్టాడు. చిన్న మూతలో నీళ్లు, అప్పుడప్పుడు ఒక మిడత. అది చిప్ప కింద మట్టి తోడుకుని, గుమ్మానికి తెల్లటి దారాలు అల్లుకుని, తన మానాన తాను ఉండేది.

ఒకనాడు ఎలా ఉందో చూద్దామని చిప్ప లేపాడు. అది వెనక్కి వాలి, ముందరి కాళ్లు రెండూ పైకెత్తింది. అప్పుడే గుడి నుంచి వచ్చిన కింద ఊరి గంగులమ్మ చూసి చెంపలు వేసుకుంది.

"ఓబులేసూ, ఇది మొక్కుతోంది నాయనా. ఏ జన్మలో పుణ్యం చేసుకుందో."

ఆ మాట గుట్ట దిగింది. జనం గుట్ట ఎక్కారు.

వచ్చినవాళ్లందరికీ ఓబులేసు వేపపుల్లతో చిప్ప లేపి చూపించేవాడు. "మొక్కు తల్లీ, మొక్కు" అని ఆ పుల్లతోనే మెల్లగా తాకేవాడు. అది కాళ్లు ఎత్తేది. జనం కుండకు కుంకుమ పెట్టారు. సాలీడుకు దండం పెట్టి, పనిలో పనిగా ఓబులేసుకూ పెట్టారు. అది అతనికి చేదుగా ఏమీ లేదు.

ఇదిగో, అప్పుడు మానేసింది మేత.

"మిడత ఎదురుగా తిరుగుతున్నా ముట్టడం లేదు సామీ. పొట్ట ఎండుద్రాక్షలా ముడుచుకుపోయింది" అన్నాడు ఓబులేసు. "మొక్కడం మాత్రం మానలేదు. ఉపవాస దీక్ష పట్టిందేమో."

చెన్నదాసు గారు గోంగూర ఆకు తుంచుతున్నారు. తల ఎత్తలేదు.

"దీక్ష దానిదా, నీదా?"

"రేపు ఏకాదశి సామీ. కింద ఊళ్లన్నీ వస్తున్నాయి. ఏమైనా సరే, రేపు అందరి ముందూ మొక్కిస్తాను."

"సరే కానీ. నేనూ వస్తాను. నేనింకా చూడనేలేదు."

తెల్లారేసరికి మఠం వాకిలి నిండిపోయింది. ఓబులేసు కుండ ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేపపుల్ల చేతిలోకి తీసుకున్నాడు.

"ఓబులేసూ."

వెనక్కి తిరిగాడు. నెత్తి మీదికి చెన్నదాసు గారి కర్ర లేచి ఉంది. ఆ కర్రతో ఆయన మేకనైనా అదిలించడం ఎవరూ చూడలేదు. ఓబులేసు వెనక్కి వాలిపోయాడు. రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి.

కర్ర గాలిలోనే ఆగింది.

"చూశావా గంగులమ్మా, మావాడు ఎంత చక్కగా మొక్కుతున్నాడో."

జనం గొల్లున నవ్వారు.

"వెనకవాళ్లకు కనబడిందా? ముందుకు రండి. మళ్లీ మొక్కిస్తాను." ఆయన కర్రను ఇంకాస్త ఎత్తారు.

కొట్టరని ఓబులేసుకు తెలుసు. చేతులకు తెలియలేదు. మళ్లీ లేచాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పైకి లేచిన తన చేతులను తానే కాసేపు చూసుకున్నాడు. తర్వాత పుల్ల విరిచి పారేశాడు. కుండ మీది కుంకుమ తుడిచాడు. ఎత్తు నుంచి పడితే ఆ జీవి పొట్ట పగిలి పోతుందని, కుండను నేలకు జానెడు ఎత్తులో పట్టుకుని, వంగి నడుస్తూ ధాన్యం కొట్లోకి తీసుకెళ్లాడు. మూతలో నీళ్లు పోశాడు. గడప దాకా వెనక్కి జరిగాడు.

"ఇంత ఎండలో గుట్ట ఎక్కితే దర్శనమే లేదా?" అన్నాడొక పెద్దమనిషి.

"లేదన్నా."

"పోనీ ఒక్కసారి, పుల్లతో కాకుండా వేలితో" అంది గంగులమ్మ.

"వద్దమ్మా."

కొందరు తెచ్చిన కొబ్బరికాయలు తిరిగి తీసుకుపోయారు. ఓబులేసు కదల్లేదు.

ఆనాటి నుంచి రోజూ దూరం నుంచే చెయ్యి చాచి నీళ్లు పోసేవాడు, మిడతను వదిలేవాడు, గడప దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. లోపల బతికుందో లేదో చిప్ప లేపి చూడాలని చెయ్యి లాగేది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక సాయంత్రం మిడత కనబడలేదు. దాని రెక్క ఒకటి చిప్ప బయట పడి ఉంది. ఇంకొన్నాళ్లకు, దారాల పరదా కదిలింది. ఎవరూ పిలవకుండానే సాలీడు బయటికి వచ్చింది. కాళ్లన్నీ నేల మీదే ఆనించి, నీళ్ల మూత మీదికి వంగింది.

చెన్నదాసు గారు అటుగా వచ్చారు.

"ఏమిరా, మొక్కిందా?"

"లేదు సామీ. నీళ్లు తాగుతోంది."

ఆయన కర్రను గోడకు ఆనించి, గడప ఇవతల శిష్యుడి పక్కనే కూర్చున్నారు.

అంతే నాయనా కథ. సాలీడును మరిచిపోయినా ఫరవాలేదు. ఓబులేసు కుండ దించి గడప దాకా వెనక్కి జరిగాడు చూడండి, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. మీ ముందు చేతులెత్తి నిలబడేవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ పూటే ఒక్కసారి అలా వెనక్కి జరగండి.