చిలకమ్మ రాసుకున్న మాటలు

ఎన్ని తరాల కిందటి మాటో తెలియదు గానీ, అనగనగా ఏటి ఒడ్డున రేవులపాడు అనే ఊరు. ఆ ఊళ్లో వాగ్దేవమ్మ అనే పండితురాలు ఆడపిల్లలకు బడి నడిపేది. ఆమెకు మంజువాణి అని పదేళ్ల కూతురు. బడిలో అందరికంటే ముందు పాఠం అప్పజెప్పేది మంజువాణే. అమ్మ పక్క పీట కూడా మంజువాణిదే.

ఆ ఏడు వానల్లో, పడవ నడిపే పోలయ్య భార్య జ్వరంతో చనిపోయింది. వాళ్లమ్మాయి చిలకమ్మ అంతకుముందు గలగలా చదివేది. అమ్మ పోయాక నోరు విప్పడం మానేసింది. నెల తిరిగాక తండ్రి చెయ్యి పట్టుకుని మళ్లీ బడికి తీసుకొచ్చాడు.

వాగ్దేవమ్మ ఆ పిల్లను తన పక్క పీట మీద కూర్చోబెట్టుకుంది. మంజువాణి లేచి వెనక వరసలోకి వెళ్లింది. ఆ పూట పాఠం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

మర్నాడు పద్యం అప్పజెప్పాలి. మంజువాణి ఒక్క మాట తప్పితే అమ్మ మళ్లీ మొదటినుంచి చెప్పించింది. చిలకమ్మ వంతు వచ్చేసరికి ఆ పిల్ల తల దించుకుంది. వాగ్దేవమ్మ వీపు నిమిరి, "తొందరేం లేదు తల్లీ" అంది. తల్లీ అన్న పిలుపు తనొక్కదానిదే అనుకునేది మంజువాణి.

మూడోనాటి సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని, చిలకమ్మ చిక్కుజుట్టు ఓపిగ్గా విడదీసి రెండు జడలు వేసింది. మంజువాణి దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. తన జడ తనే వేసుకుంది. వంకరగా వచ్చింది.

అప్పటినుంచి ఆమె కళ్లు చిలకమ్మ మీదే. ఆ పిల్ల రోజూ ఓ మూల కూర్చుని, తాటాకు మీద గంటంతో ఒకే ఒక్క వాక్యం రాసి, ఆ ఆకుల కట్టను గూట్లో దాచేది. అది అమ్మ ఒక్కతే చూసేది. నాకు తెలియని రహస్యం వీళ్లిద్దరికీ ఏమిటని మంజువాణి కుళ్లుకుంది. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లగానే, ఆ కట్ట విప్పయినా చూడకుండా ఏట్లోకి విసిరేసింది.

చిలకమ్మ వచ్చి గూడు తడిమింది. చాపలెత్తి చూసింది. ఏడవలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. మర్నాడు బడికి రాలేదు. ఆపై రోజు పోలయ్య వచ్చి, పిల్ల అన్నం ముట్టడం లేదని చెప్పాడు.

అతను వెళ్లాక వాగ్దేవమ్మ కూతురితో అంది. "వాళ్లమ్మ మాటలు మరిచిపోతానేమోనని దాని భయం. గుర్తొచ్చినవి రోజుకొకటి రాసుకోమన్నాను. ఇరవై మూడు రాసింది."

మంజువాణి ఖాళీ గూటివైపు చూసింది. ఎవరూ చూడలేదు, ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ ఊరుకోలేకపోయింది.

"నేనే పారేశానమ్మా. నువ్వు నన్ను మరిచిపోయావనుకున్నాను."

వాగ్దేవమ్మ కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. "నీ బాధ కనిపెట్టకపోవడం నా తప్పు. ఆ ఆకులు పారేయడం నీ తప్పు. నీది నువ్వే దిద్దుకోవాలి" అంది.

మంజువాణి పోలయ్య గుడిసెకు వెళ్లి జరిగింది చెప్పింది. చిలకమ్మ ముఖం తిప్పుకుంది. రెండోరోజు వెళ్తే తలుపు వేసేసింది. మూడోరోజు మంజువాణి తాటాకులు, గంటం తెచ్చుకుని గుమ్మం బయటే కూర్చుని, "నువ్వు చెప్పు, నేను రాస్తాను. మీ అమ్మ ఏమనేది?" అని అడిగింది.

చాలాసేపటికి లోపలినుంచి సన్నని గొంతు వినిపించింది. "ముద్ద పెద్దది పెట్టుకోకు, పొరమారుతుంది అనేది."

మంజువాణి రాసింది. ఇంకోటి వచ్చింది. ఆ వెనక మరొకటి. చిలకమ్మ తలుపు తీసి గుమ్మంలో వచ్చి కూర్చుంది. ఒకటి చెబుతుంటే రెండు గుర్తొచ్చేవి. చెబుతూ చెబుతూ చిలకమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది, అమ్మ పోయాక మొదటిసారి. మంజువాణి గంటం పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. పొద్దు వాలేసరికి ముప్పై ఒక్క ఆకులయ్యాయి.

ఆ రాత్రి చిలకమ్మ కడుపునిండా అన్నం తింది. వారం తిరక్కుండా బడికొచ్చి, మంజువాణి పక్కన కూర్చుని, పద్యం తడబడుతూ చివరిదాకా అప్పజెప్పింది.

పిల్లలూ, దుఃఖంలో ఉన్నవాళ్లకు పంచిన ప్రేమ మన వాటాలోంచి తరిగిపోదు. అసూయతో చేసిన తప్పు ఒప్పుకుని దిద్దుకున్నవారికే ఆ సంగతి తెలుస్తుంది.