ఈదురుకుంట వాళ్ళు పాతిపెట్టిన గ్యాసు

ఈదురుకుంటలో తిప్పేరుద్ర ఇంటికి పెద్ద పేరు. "మా ఇంట్లో తెలివి ఎక్కువై వాకిట్లోకి కారుతోంది" అని అతనే చెప్పుకునేవాడు. భార్య సుంకమ్మ, తమ్ముడు ఓబన్న, వచ్చినవాళ్ళను "జారతారు, చూసి నడవండి" అని హెచ్చరించేవాళ్ళు.

ఊరి గుట్ట మీద గాలిమరలున్నాయి. ఒకరోజు వాటి ఇంజనీరు వచ్చాడు. "గాలి బాగా వీస్తే కరెంటు మిగిలిపోతోంది. ఆ మిగులుతో నీళ్ళు విడగొట్టి, గ్యాసు చేసి భూమిలో దాస్తాం. గాలి లేనిరోజు తీసి వాడుకుంటాం. మీ చేనులో చోటిస్తారా?"

అతను అటు పోగానే తిప్పేరుద్ర మీసం దువ్వాడు. "మన మిగులు మనమే దాచుకుందాం! వచ్చే వారం మరదలు రంగమ్మ సీమంతం. ఆరోజు గాలి పడిపోతే వందమందికి వంటెట్లా?"

ఇంకేముంది, ఓబన్న లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపేశాడు. "మనం వాడకపోతే అదంతా మిగులే గదన్నా!" ముగ్గురూ చెమటలు కక్కుతూ పొద్దంతా కూర్చుని మిగిల్చారు.

తర్వాత నీళ్ళు విడగొట్టాలి. సుంకమ్మ కుండెడు నీళ్ళు తెచ్చి పెట్టింది. తిప్పేరుద్ర గొడ్డలెత్తి ఒక్క వేటు వేశాడు. అంతే, కుండ పెంకులైంది, నీళ్ళు ఇటు కొన్ని, అటు కొన్ని పారి నేలలో ఇంకిపోయాయి.

"గ్యాసేదయ్యా?" అంది సుంకమ్మ.

"దానంతట అదే భూమిలో దాక్కుంది, చూడలేదా?"

"కుండెడు నీళ్ళ గ్యాసు వందమందికి చాలుతుందా? సీమంతానికి తెచ్చిన సిలిండర్లు రెండూ గ్యాసే గదా, అవి గూడా దాద్దాం."

అంతే, పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టారు. పంచాయతీ నుంచి ఒకాయన వచ్చి, మట్టిదిబ్బ పక్కన ఫొటో దిగి, 'మిగులు గ్యాసు భద్రం' అని రాసుకుని పోయాడు. తిప్పేరుద్ర ఛాతీ ఉబ్బిపోయింది.

సీమంతం రోజు గాలి ఊళ్ళు లేచిపోయేలా వీచింది. వంటమనిషి గ్యాసు అడిగింది.

"గాలి లేనప్పుడే తీయాలంట. ఇంజనీరు మాట!" అన్నాడు తిప్పేరుద్ర.

మధ్యాహ్నం దాటింది. "బావా, కళ్ళు తిరుగుతున్నాయి" అంది నిండు చూలాలు రంగమ్మ. తిప్పేరుద్ర పంచె ఎగ్గట్టాడు. "ఒరేయ్ ఓబన్నా, గాలిని ఆపాల!"

ఇంకేముంది, షామియానా విప్పి గాలికి అడ్డం పట్టారు. షామియానా లేచింది, దాంతోపాటు ఓబన్నా లేచాడు. వెళ్ళి గుట్ట కింద జిల్లేడు పొదల్లో పడ్డాడు. చూసిన ఇంజనీరు పరుగున వచ్చి, అతన్ని లేపి, సంగతి విని తల బాదుకున్నాడు. "అయ్యా, గాలి సంగతి నేను చూసుకుంటా. ముందు సిలిండర్లు తీయండి!"

తీశారు. పొయ్యి వెలిగింది. రంగమ్మకు పాలు కాచి ఇచ్చారు, ఆమె ముఖం తేరుకుంది. తిప్పేరుద్ర కళ్ళు తుడుచుకున్నాడు. అన్నం ఉడుకుతోంది, పాయసం ఇంకా పొయ్యెక్కలేదు.

ఇంజనీరు పెరట్లోకి చూసి, "పిల్లలు పడతారు, ఆ గొయ్యి పూడ్చేయండి" అన్నాడు.

"దేంతో సార్?"

"అందులోంచి తీసినదాంతోనే!"

అంతే! "పక్కకు జరుగమ్మా" అని వంటమనిషిని నెట్టి, అన్నదమ్ములిద్దరూ పొయ్యి ఆర్పి, సిలిండర్లు చెరొకటి భుజానికెత్తుకున్నారు.